ఏడో గడి

గుత్తి దాటినాక బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే
కొట్టాలపల్లె.
చంకలో సర్వే కాగితాలు, చెవి మీద పెన్సిలు,
చెప్పుల్లో ఎర్రమట్టి.
పదమూడో ఇంటి ముందు
శెనక్కాయలు ఒలుస్తా కూర్చున్న ముసలామె
తలెత్తకుండానే చాటను పక్కకు జరిపింది,
కూర్చోమన్నట్టు.

పేరు?
"దస్తగిరమ్మ."
భర్త పేరు?
"బోయ పెద్ద ఓబులేసు. లేడులే, పొయినాడు."
కొడుకు?
"మస్తానప్ప. బెంగుళూర్లో సెంట్రింగు పని."
నా పెన్సిలు ఏడో గడి దగ్గర ఆగింది.
మతం.
ఆ గడికి నాలుగు గోడలే, కిటికీ లేదు.

"హిందువులేనా అవ్వా?"
"ఏం, అట్ల కనపడల్యానా?"
"పేరు చూస్తే..."
"పేరు నాది కాదు పాపా. మా యమ్మ బాకీ."

గింజకూ గింజకూ మధ్య చెప్పుకొచ్చింది.
తనకంటే ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదంట.
నాలుగోసారి నెలలు నిండినప్పుడు వాళ్ళమ్మ
చౌడమ్మకు కోడిపుంజును మొక్కుకుందంట,
దర్గా కాడ సక్కెర చదివిస్తానందంట,
బళ్ళారి నుంచి వచ్చిన మిషను నర్సు
మంచం పక్కన మోకాళ్ళూనితే వద్దనలేదంట.
పిల్ల ఏడ్చింది.
ఎవరు విన్నారో తెలియలేదు.
కోడిని కోసినారు, సక్కెర పంచినారు,
నర్సమ్మకు ఏమివ్వాలో తోచక
ఒక పడి కొర్రలు మూట కట్టిచ్చినారు.

"అయితే అవ్వా, ముగ్గురూ ఒకరేనంటావా?"
బడిలో పిల్లలకు నేను చెప్పే పాఠమే అది,
జవాబు తెలిసే అడిగిన.
పొట్టు ఊదినట్టు నవ్వింది.
"ఒకడే అయితే మూడు తూర్లు బాకీ కట్టించుకుంటాడా?
అంత అన్యాయస్తుడు కాదులే."
కొంచేపటికి మళ్ళీ తనే,
"ముగ్గురైతే మాత్రం
ఒక్క పిల్లను ఎట్ల పంచుకున్నారో."

మా బడి లెక్కల సారు ఖాజామొహిద్దీన్
ఒకసారి స్టాఫ్‌రూంలో అన్నాడు,
ఉగ్గాని పొట్లం విప్పుతా, మెల్లగా:
"అందరూ ఒకటే అంటారు మీరు. ప్రేమతోనే అంటారు.
కానీ నేను దినానికి ఐదుసార్లు
ఆయన తప్ప ఇంకెవరూ లేరని మొక్కేవాణ్ణి.
నా 'తప్ప'ను ఎక్కడ పెట్టమంటారు మేడం?"
నా దగ్గర చోటు లేదు.
కాదన్నాడని కోపమూ రాలేదు.
కాదంటానే సగం పొట్లం నా వైపు తోసినాడు.

ఎండ గడప ఎక్కింది.
"నీ పేరేంది?"
మెడలో కార్డు చదివి వినిపించిన, సుంకులమ్మ.
"ఆ యమ్మకు మొక్కి కన్నారా?"
తలూపిన. అది సగం నిజం.
సర్టిఫికెట్టులో సుంకులమ్మ,
ఆదివారం రేకుల చర్చిలో ఎస్తేరు.
కాలేజీ ఫీజు కట్టింది మొదటి పేరు,
అమ్మ పోయిన రాత్రి ఏడ్చింది రెండో పేరు.
కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో
ఆ రాత్రి నేను ఎవరిని పిలిచినానో
ఇప్పటికీ గుర్తు లేదు. నోరు తెరిచిన, అంతే.
అచ్చు లేదు, హల్లు లేదు.
అమ్మ బతకలేదు,
కాబట్టి ఎవరికీ బాకీ లేదు నేను.
అయినా అప్పుడప్పుడు,
బోర్డు మీద సుద్దముక్క విరిగినప్పుడు,
వెనక ఎవరో నిలబడి
అడగడానికి మొహమాటపడుతున్నట్టు ఉంటుంది.

అవ్వ దోసెడు కాయలు నా సంచిలో పోసింది.
"హిందువనే రాసుకో. నిజమే కదా.
దస్తగిరి సామి కాడ మాత్రం
ఈ కాగితం చూపియ్యాకు, చిన్నబుచ్చుకుంటాడు."

రాసుకున్న. పెన్సిలుతో.
నడుస్తా కాయలు చిదిమితే
ఒకదాంట్లో రెండు గింజలు, ఒకదాంట్లో మూడు,
ఒకటి ఉత్త లొట్ట.

పద్నాలుగో ఇంటి తలుపు వేసి ఉంది.
లోపల ఎవరో మసులుతున్నారు.
పిలవాలి,
ఏ పేరుతోనో ఇంకా తెలియదు.